ఐరాల నుండి సెంతోసా వరకు

2024 మే నెలలో మా కుటుంబము సింగపూరు చూసి తిరిగి వచ్చిన తరువాత మొదటి ఆదివారము. ఆరాధన ముగిసి అందరము మందిరము బయట చెట్టు నీడన నిలబడి ఉన్నాము. మా సంఘములోని పెద్ద వయసు అవ్వ ఒకామె నా ఫోనులోని ఫోటోలన్నీ ఓపికగా చూసి, “బాగుండాయి నాయనా. అంతా చేరి ఎంతయింది?” అని అడిగింది.

నేను సూటిగా జవాబు చెప్పలేదు. “మా చెల్లెలు పిలిస్తే పోయినాము అవ్వా, అంతా వాళ్లే చూసుకున్నారు” అని నవ్వి ఊరుకున్నాను. అది పూర్తిగా అబద్ధము కాదు, పూర్తిగా నిజమూ కాదు. పాస్టరు ఇంట్లో విదేశీ ప్రయాణము అంటే వినేవారికి కానుకల పెట్టె జ్ఞాపకము వస్తుందేమోనని నాలో ఒక భయము. ఆ భయము వల్లనే మాట దాటవేశాను.

ప్రియ చదువరులారా, ఆ దాటవేత వల్ల ఒక కుటుంబము అప్పులో పడవలసినంత పని జరిగింది. ఆ సంగతి తరువాత చెబుతాను. ఆ దినము అవ్వకు చెప్పవలసిన లెక్కను ముందుగా మీ అందరి యెదుట పెడుతున్నాను. మన పల్లెలలో కూడా ఇప్పుడు పిల్లలు సింగపూరు, దుబాయి, అమెరికాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలుస్తున్నారు. అక్కడికి వెళ్లినవారు పెద్ద వినోద పార్కు ఒకటి చూడకుండా రావడము లేదు. కనుక ఈ లెక్క ఎవరికైనా పనికి రావచ్చును.

చీటీ డబ్బుతో బయలుదేరడము

మా చెల్లెలు, బావగారు కొన్నేళ్లుగా సింగపూరులో ఉద్యోగము చేసుకుంటున్నారు. అక్కడ తెలుగువారు కొత్తేమీ కాదు. సింగపూరు తెలుగు సమాజము 1975లోనే ఏర్పడింది. “అన్నా, పిల్లోళ్లకు ఎండాకాలము సెలవులు కదా. ఒక పది దినాలు వచ్చి పోండి. విమానము టికెట్లు మేము తీస్తాము” అని చెల్లెలు మూడేళ్లు అడిగింది. చివరకు సరేనన్నాము.

విమానము టికెట్లు వారివి, ఇల్లు వారిది, భోజనము వారిది. అయితే ఒక సంగతి నేను, నా భార్య ముందే అనుకున్నాము. పిల్లలు ఆశపడుతున్న యూనివర్సల్ స్టూడియోస్ అనే పార్కు ఖర్చు మాత్రము మనమే పెట్టుకోవాలి. పిలిచినవారు మర్యాదకు “మేము ఇస్తాములే” అంటారు. ఆ మర్యాదకు ఒక హద్దు ఉండాలి కదా.

నా భార్య కుట్టుమిషను మీద సంపాదించి వేసుకొన్న చీటీ ఒకటి 50,000 రూపాయలకు వచ్చింది. సింగపూరు ప్రయాణానికి మా సొంత డబ్బు అంతే. ఒక నోటు పుస్తకము తీసుకొని మొదటి పేజీలో ఆ అంకె వ్రాశాము. గోపురము కట్టదలచినవాని ఉపమానము మనము ఎన్నోసార్లు విన్నాము. నేనైతే ఎన్నోసార్లు ప్రసంగించాను. ఇంటి నోటు పుస్తకములో దానిని ఆచరించడము మాత్రము అదే మొదటిసారి అని ఒప్పుకుంటున్నాను.

గడప దాటక ముందే

మన ఊరి తిరునాళ్లలో రంగులరాట్నము ఎక్కాలంటే ఒక్క ఖర్చే ఉంటుంది. చేతిలో డబ్బు పెట్టి ఎక్కడమే. విదేశీయుడిగా ఒక పార్కు చూడాలంటే పార్కు గేటు చేరక ముందే చాలా గేట్లు ఉంటాయి. ప్రతి గేటుకూ ఒక వెల ఉంటుంది.

మొదటిది పాస్‌పోర్టు. తిరుపతిలోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాము. పెద్దలకు 1,500 రూపాయలు, పద్దెనిమిది లోపు పిల్లలకు 1,000. ఎనిమిదేండ్లు నిండని పిల్లలకు అందులో పది శాతము తగ్గింపు ఉంటుంది. మా పాపకు పద్నాలుగు, బాబుకు ఆరు. నలుగురికి కలిపి 4,900 అయింది. పిల్లల పాస్‌పోర్టు అయిదేండ్లకే చెల్లుతుంది కనుక ప్రయాణము ఖాయము కాకముందే తీసి పెట్టుకొంటే సగము కాలము పెట్టెలోనే గడిచిపోతుంది.

రెండవది వీసా. సింగపూరు ప్రభుత్వము ఒక్కొక్కరికి 30 డాలర్లు రుసుము తీసుకొంటుంది. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఈ డాలరు సింగపూరు డాలరు, అమెరికా డాలరు కాదు. మేము వెళ్లినప్పుడు ఒక సింగపూరు డాలరు మా చేతికి 63 రూపాయలకు వచ్చింది. టీవీలో చెప్పే రేటు ఒకటి, డబ్బు మార్చేవారు మనకిచ్చే రేటు ఒకటి. లెక్క ఎప్పుడూ రెండవదానితో వేసుకోవాలి. నలుగురి వీసాకు 7,560 రూపాయలు, దరఖాస్తు చేసిపెట్టిన ఏజెంటుకు 1,600. మొత్తము 9,160.

వీసా కాక దిగడానికి మూడు దినాల లోపల కంప్యూటరులో నింపవలసిన రాక కార్డు ఒకటి ఉన్నది. అది పూర్తిగా ఉచితము. దానికి కూడా డబ్బు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి. ప్రభుత్వపు సైటులో మనమే నింపుకొంటే ఒక్క పైసా కూడా ఇవ్వనక్కరలేదు.

మూడవది దారి ఖర్చు. ఐరాల నుండి చిత్తూరు, అక్కడినుండి బస్సులో వాలాజా, కాంచీపురము మీదుగా చెన్నై. రానుపోను బస్సులు, ఆటోలు, దారిలో టిఫిను అన్నీ కలిపి 3,500. చెన్నై నుండి సింగపూరుకు విమానములో సుమారు నాలుగు గంటలే. ఇంటి నుండి చెన్నై విమానాశ్రయము చేరడానికే అంతకంటె ఎక్కువ కాలము పట్టింది.

ఇక్కడికి 17,560 ఖర్చయింది. పార్కు ఇంకా కంటికి కూడా కనబడలేదు.

టికెట్టు ఖరీదు మన కూలిలో

మిగిలిన డబ్బులో 25,200 రూపాయలను, అనగా సరిగ్గా 400 సింగపూరు డాలర్లను, పార్కు దినము కొరకు ఒక కవరులో వేరుగా పెట్టాము. పైన మిగిలిన ఏడువేల చిల్లర చేతి ఖర్చుకు.

పార్కు టికెట్టు పెద్దలకు 83 డాలర్లు, నాలుగు నుండి పన్నెండేండ్ల పిల్లలకు 62 డాలర్లు. పదమూడు దాటితే పెద్దల టికెట్టే. కనుక మాకు పెద్దల టికెట్లు మూడు, పిల్లల టికెట్టు ఒకటి. మొత్తము 311 డాలర్లు. మన డబ్బులో 19,593 రూపాయలు. ఈ ధరలు మేము వెళ్లినప్పటివి. టికెట్టు తేదీని బట్టి కొనవలసి ఉంటుంది కనుక వెళ్లేవారు తమ తేదీకి ఎంతో చూసుకోవాలి.

కంప్యూటరు మీద ఆ అంకె చూసినప్పుడు నాకు అది కేవలము అంకె. నా భార్య మాత్రము నోటు పుస్తకములో మరొక వరుస వ్రాసింది. ఆ సంవత్సరము మన రాష్ట్రములో ఉపాధి హామీ కూలి దినానికి 300 రూపాయలు. ఒక్క పెద్ద టికెట్టు 5,229 రూపాయలు. అనగా మన సంఘములో పార పట్టే ఒక సహోదరికి పదిహేడు దినాల కూలి. నేను ఆ వరుస చూసి కాసేపు మాట్లాడలేదు. “మానేద్దామా?” అన్నాను. “మానేయడానికి రాయలేదు. తెలిసి పోదామని రాసినాను” అన్నది.

ఆ మాట నాకు నచ్చింది. ఖర్చు పెట్టడము వేరు, ఎంత పెడుతున్నామో తెలియకుండా పెట్టడము వేరు.

ఈ ఒకే టికెట్టు పద్ధతి కూడా మొదటినుండి ఉన్నది కాదు. అమెరికాలో 1955లో మొదటి డిస్నీల్యాండు తెరిచినప్పుడు గేటు దగ్గర ఒక టికెట్టు, లోపల ఒక్కొక్క ఆటకు వేరు టికెట్టు ఉండేది. తరువాత టికెట్ల పుస్తకాలు అమ్మారు. 1982లో ఆ పుస్తకాలు తీసివేసి, గేటు దగ్గర ఒకే ధర కడితే లోపల అన్నీ ఎక్కవచ్చునన్న పద్ధతి పెట్టారు. తిరునాళ్లలో డబ్బు అయిపోతే ఆట ఆగిపోతుంది. ఇక్కడ డబ్బు ముందే అయిపోతుంది. అందువల్ల లోపలికి వెళ్లినవారు “ఇంత పెట్టాము కదా, ఇంకొంచెము పెడితే ఏమి” అనే మనసులోకి జారిపోతారు. మేము కూడా జారాము.

సంతోషమనే పేరు గల దీవి

యూనివర్సల్ స్టూడియోస్ ఉన్నది సెంతోసా అనే చిన్న దీవి మీద. సెంతోసా అనేది మలయ్ భాష మాట. శాంతి, నెమ్మది అని దాని అర్థము. అది మన ‘సంతోషము’ అనే సంస్కృత పదము నుండి వెళ్లినదే. అంతకు ముందు ఆ దీవి పేరులో మరణమనే మాట ఉండేది. ఒకప్పుడు అది బ్రిటిషువారి సైనిక స్థావరము. 1970ల ఆరంభములో పేరు మార్చి సందర్శకుల కొరకు తీర్చిదిద్దారు. పార్కు మాత్రము 2010లో తెరిచారు.

దీవికి వెళ్లడానికి హార్బర్‌ఫ్రంట్ అనే మెట్రో స్టేషను దగ్గర దిగాలి. అక్కడ ఒక పెద్ద అంగడి సముదాయము మూడవ అంతస్తు నుండి చిన్న రైలు ఉన్నది. మనిషికి 4 డాలర్లు. మేము ఆ రైలు ఎక్కలేదు. పక్కనే సముద్రము మీదుగా నడిచిపోయే దారి ఉన్నది. దానికి డబ్బు లేదు. పదిహేను నిమిషాల నడక. తిరిగి వచ్చేటప్పుడు ఆ రైలుకు టికెట్టు అడగరు, వెళ్లేటప్పుడే వసూలు చేస్తారు. కనుక కాళ్లలో బలము ఉన్న ఉదయము నడిచి వెళ్లి, అలసిన సాయంకాలము ఉచితముగా రైలెక్కి వచ్చాము. 16 డాలర్లు, అనగా వెయ్యి రూపాయలు, అక్కడే మిగిలాయి.

మెట్రో రైలులో మాత్రము ఒక జాగ్రత్త. లోపల తినడము, త్రాగడము నిషేధము. పట్టుబడితే 500 డాలర్ల వరకు జరిమానా. మా బాబు చేతిలో జంతికల పొట్లము చూసి చెల్లెలు గబుక్కున లాక్కొని సంచిలో వేసింది. మన ఆర్టీసీ బస్సులో వేరుశనగకాయలు వొలుచుకొంటూ పోయేవారికి ఆ రూలు జ్ఞాపకము ఉండదు.

గేటు లోపల

ఉదయము పది గంటలకు లోపలికి వెళ్లాము. పాత న్యూయార్కు వీధి, ఐగుప్తు దేశపు శిలలు, డైనోసార్లు ఉండే అడవి, కథలోని కోట అని ఒక్కొక్క భాగము ఒక్కొక్క విధముగా కట్టారు. వీధులు శుభ్రము. వరుసలో ఒకరిని ఒకరు తోసుకోరు. మా పాప తల ఎత్తి చూసుకొంటూ నడుస్తుంటే, ఆమె ముఖము చూడడమే నాకు ఒక పార్కు అయింది.

ఎండ మన చిత్తూరు ఎండ కాకపోయినా ఉక్కపోత ఎక్కువ. బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు. ఖాళీ సీసాలు తీసుకొనిపోయి నీళ్లు పట్టుకొన్నాము. సింగపూరులో కుళాయి నీళ్లు నేరుగా త్రాగవచ్చును. ఈ ఒక్క సంగతి తెలిసి ఉండడము వల్ల దినమంతా నీళ్లకు ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు. మధ్యాహ్నము మూడు భోజనాలు కొని నలుగురము తిన్నాము. 54 డాలర్లయింది. మర్నాడు లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటరులో అందులో సగము కంటె తక్కువకు అందరమూ కడుపు నిండా తిన్నాము.

బయటి హోటళ్ల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కొన్నిచోట్ల ధరల పట్టీలో అంకె పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటాయి. ఆ ధర మీద పది శాతము సేవా రుసుము, దాని మీద పన్ను కలుపుతారని దాని అర్థము. 2024 జనవరి నుండి అక్కడ ఆ పన్ను 9 శాతము. పది డాలర్లనుకొన్న భోజనము పన్నెండు అవుతుంది. నలుగురు ఉన్న ఇంటికి అది చిన్న తేడా కాదు.

నీళ్లలో పడవ మీద తిప్పే ఆట ఒకటి ఉన్నది. ఎక్కినవారు తడవక తప్పదు. అక్కడ అమ్మే పలచని ప్లాస్టిక్ వానకోట్లు మూడు 15 డాలర్లకు కొన్నాము. అనగా 945 రూపాయలు. అటువంటివే చిత్తూరు బజారులో ముప్పై రూపాయలకు దొరుకుతాయి. మా ఇంటి బీరువాలో రెండు ఉన్నాయి కూడా. కొని తొడుక్కొన్న తరువాత జ్ఞాపకము వచ్చింది.

వరుసలో నిలబడకుండా ముందుగా పంపే వేరొక టికెట్టు కూడా అమ్ముతారు. మేము కొనలేదు. కొన్ని ఆటలకు గంటకు పైగా నిలబడ్డాము. ఆ వరుసలో నిలబడినప్పుడు మా పాప తన బడి సంగతులు, స్నేహితుల సంగతులు నాతో ఎన్నో చెప్పింది. ఐరాలలో ఉన్నప్పుడు నేను ఆమె ప్రక్కన గంటసేపు ఊరకే నిలబడినది ఎప్పుడో నాకు జ్ఞాపకము రాలేదు.

గోడ మీది గీత

నీటి పడవ దగ్గర మరొక సంగతి జరిగింది. ద్వారము దగ్గర ఒక కొలకర్ర ఉన్నది. 107 సెంటీమీటర్లు ఉంటేనే ఎక్కాలి. మా బాబును నిలబెట్టారు. 104. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా తల అడ్డముగా ఊపింది. వాడు కాలి మునివేళ్ల మీద లేచాడు. ఆమె నవ్వి, మళ్లీ కాదన్నది.

వాడు పెద్దగా ఏడవలేదు. “నాయనా, నేను పొట్టోడినా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర డాలర్లలోనూ రూపాయలలోనూ జవాబు లేకపోయింది.

తరువాత తెలుసుకొంటే, రోబోల బొమ్మల ఆటకు 102 చాలును. అది వాడు ఎక్కాడు. ఐగుప్తు చీకటి రైలుకు 122, అన్నిటికంటె పెద్ద ఉక్కు పట్టాల బండికి 125 ఉండాలి. ఈ అంకెలన్నీ పార్కువారు ముందే ప్రకటిస్తారు. నేను ధర చూశాను గాని కొలత చూడలేదు. వాని కొరకు 62 డాలర్లు, అనగా 3,906 రూపాయలు కట్టినవాడిని, ఇంట్లో టేపు తీసి గోడకు ఆనించి కొలవలేకపోయాను.

మా పాప, నా భార్య, నేను వంతులవారీగా పడవ ఎక్కాము. ఒకరు ఎప్పుడూ వాని దగ్గర ఉన్నారు. నా వంతు వచ్చినప్పుడు పడవలో కూర్చొని ఒడ్డున వాడు చెయ్యి ఊపుతుంటే చూశాను. ఆ ఆటలో నాకు అంత సంతోషము కలుగలేదు.

బయటికి వచ్చే దారి అంగడి మధ్యగా ఉంటుంది. అక్కడ 24 డాలర్లు పెట్టి వానికి ఒక డైనోసారు బొమ్మ కొన్నాను. అది కవరులోని లెక్కలో లేదు. నా భార్య నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆ బొమ్మ నేను కొన్నది వాని కోరిక కొరకు కాదు, నా మనసులోని నొప్పి కొరకు. పార్కు అంగళ్లలో చాలామంది తండ్రులు కొనేది ఇదేనేమో అనిపించింది.

ఆ దినపు మొత్తము

ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో నోటు పుస్తకము తెరిచాము. టికెట్లు 311 డాలర్లు. మెట్రో రానుపోను 16. భోజనము 54. ఐస్‌క్రీములు 12. వానకోట్లు 15. బొమ్మ 24. మొత్తము 432 డాలర్లు. కవరులో పెట్టుకొన్నది 400. దాటినది 32 డాలర్లు, అనగా 2,016 రూపాయలు. వానకోట్లు, బొమ్మ కలిపితే 39. అంటే ముందుగా ఆలోచించని రెండు వస్తువులే మమ్మును హద్దు దాటించాయి.

మిగతా దినాలు డబ్బు పెద్దగా లేకుండానే గడిచాయి. సింగపూరులో ఉచితముగా చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. సింహపు తల, చేప తోక ఉన్న మెర్లయన్ విగ్రహము, గార్డెన్స్ బై ది బే అనే తోటలోని బయటి భాగము, సెంతోసా సముద్రపు ఒడ్డు, చాంగీ విమానాశ్రయము ప్రక్కన 2019లో తెరిచిన భవనము లోపల నలభై మీటర్ల ఎత్తునుండి పడే జలపాతము, ఇవన్నీ చూశాము. మా బాబుకు ఇప్పటికీ ఎక్కువ జ్ఞాపకము ఉన్నది ఆ జలపాతమే. అక్కడ వానిని ఎవరూ కొలవలేదు.

ఇంకొక కుటుంబము

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వస్తాను. ఆ సంవత్సరము క్రిస్మస్‌కు ముందు మా సంఘములోని ఒక సహోదరుడు రంగురంగుల కాగితము ఒకటి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు తోతాపురి తోట రెండెకరాలు, రెండు ఆవులు ఉన్నాయి. భార్య, ఇద్దరు పిల్లలు. “అయ్యగారూ, మీ ఫోటోలు చూసినప్పటినుండి పిల్లోళ్లు నన్ను నిలవనిస్తా లేరు. నాలుగు రాత్రుల ప్యాకేజీ, మనిషికి 65,000 అంట. మీరు పోయి వచ్చినారు కదా, ఇది మంచిదేనా చెప్పండి” అన్నాడు.

నలుగురికి 2,60,000. డబ్బు ఎలాగని అడిగాను. “లక్ష తోట మీద వస్తుంది. తక్కింది రెండు రూపాయల వడ్డీకి తీసుకుంటా. మీరే పోగలిగినారు, నేను పోలేనా?” అన్నాడు.

ఆ చివరి మాట నన్ను గ్రుచ్చింది. నా విమానము టికెట్లు నేను కొనలేదని, హోటలు గది ఖర్చు నాకు లేదని, చీటీ డబ్బు మొత్తము ఎక్కడికి పోయిందో వ్రాసి పెట్టుకొన్నానని ఆయనకు తెలియదు. నేను ఫోటోలు చూపించాను గాని బిల్లు చూపించలేదు.

ఆ సాయంకాలము లోపలికి పిలిచి నోటు పుస్తకము ఆయన ముందు పెట్టాను. మొదటి పేజీ నుండి చివరి వరకు చూపించాను. తరువాత ఆ రంగుల కాగితములో లేనివి ఒక్కొక్కటి వ్రాశాము. పాస్‌పోర్టులు లేవు. వీసా లేదు. చెన్నై రానుపోను లేదు. మధ్యాహ్న భోజనము లేదు. విదేశీ యాత్ర ప్యాకేజీ మీద అప్పటి నియమము ప్రకారము ముందుగా వసూలు చేసే 5 శాతము ఆదాయపు పన్ను, అనగా 13,000, లేదు. ఆ పన్ను తరువాత ఆదాయపు పన్ను రిటర్ను వేసినవారికి సర్దుబాటు అవుతుంది, లేక తిరిగి వస్తుంది. వ్యవసాయము తప్ప వేరు ఆదాయము లేక రిటర్ను ఎప్పుడూ వేయనివారు అడగకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. ఈ సంగతి మన రైతులకు చాలామందికి తెలియదు.

చివరకు వడ్డీ లెక్క వేశాము. 1,60,000కు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,200. సంవత్సరానికి 38,400. “అన్నా, నేను కొన్న పెద్ద టికెట్లు ఏడు ఈ వడ్డీతోనే వస్తాయి” అన్నాను. ఆయన చాలాసేపు కాగితము వైపు చూసి, మడిచి జేబులో పెట్టుకొన్నాడు. “ముందే చెప్పి ఉంటే పిల్లోళ్లకు మాట ఇచ్చి ఉండనే అయ్యా” అన్నాడు. ఆ మాటలో కోపము లేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

ఆయన అడ్వాన్సు కట్టలేదు. మరుసటి వేసవిలో, 2025లో, మన జిల్లా తోతాపురి రైతులకు ఏమి జరిగిందో మీకు తెలుసు. కాయ విరగకాసింది, ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలిచాయి. ఫ్యాక్టరీ ఇచ్చేది కిలోకు 8, ప్రభుత్వము కలిపేది 4, మొత్తము 12 రూపాయలని ప్రకటించారు. ఆ 12 ప్రకారము చూసినా మేము కొన్న ఒక పెద్ద టికెట్టు సుమారు 436 కిలోల కాయ. ఫ్యాక్టరీ ఇచ్చే 8 మాత్రమే లెక్కిస్తే 650 కిలోలు దాటుతుంది. తోట మీద లక్ష వస్తుందనుకొన్న ఆయనకు అందులో సగము కూడా చేతికి రాలేదు. ఆ స్థితిలో నెలకు 3,200 వడ్డీ కూడా ఉండి ఉంటే ఆవులు అమ్మవలసి వచ్చేది.

దసరా సెలవులలో ఆయన కుటుంబము బెంగుళూరు ప్రక్కన బిడదిలో 2005 నుండి ఉన్న వండర్‌లా పార్కుకు పోయి వచ్చింది. పాస్‌పోర్టు అక్కరలేదు, వీసా అక్కరలేదు. బస్సులతో కలిపి నలుగురికి పదివేల లోపల అయింది. పోయేముందు పిల్లలను గోడకు నిలబెట్టి కొలిచారు. వానకోట్లు ఇంటినుండి తీసుకుపోయారు. తిరిగి వచ్చి నాకు ఫోటోలు చూపించి, అడగకముందే ఖర్చు కూడా చెప్పాడు.

వెళ్లదలచినవారికి

పిల్లలను విదేశము తీసుకొనిపోవడము తప్పని నేను చెప్పడము లేదు. చేతిలో ఉంటే తీసుకొని వెళ్లండి. మా పిల్లలు ఆ దినమును మరచిపోరు, నేనూ మరచిపోను. అయితే నాలుగు సంగతులు మనసులో ఉంచుకోండి.

పార్కు దినమునకు ఎంతో ముందే వేరు కవరులో పెట్టండి. టికెట్టు ధర పైన కనీసము మూడవ వంతు కలిపి పెట్టండి. మాకు 311 టికెట్లకైతే పై ఖర్చు 121 అయింది. ఏ.టి.ఎం. కార్డుతో అక్కడ కొంటే చాలా బ్యాంకులు మూడు, మూడున్నర శాతము అదనముగా తీసుకొంటాయి. బయలుదేరక ముందే మీ బ్యాంకులో అడగండి.

పిల్లల వయసు, ఎత్తు రెండూ చూసుకొని టికెట్టు కొనండి. ఒక్క సంవత్సరము ఆగితే అదే టికెట్టుతో ఇంకా రెండు ఆటలు ఎక్కగలరేమో ఆలోచించండి.

ఆకాశము కింద ఉండే ఆటలు ఉదయమే ముగించండి. అక్కడ మధ్యాహ్నము ఉరుములు, మెరుపులు వస్తే వాటిని ఆపివేస్తారు.

అప్పు చేసి మాత్రము వెళ్లకండి. పార్కులో దినము సాయంకాలానికి ముగుస్తుంది, వడ్డీ ముగియదు.

ఆ అవ్వ దగ్గరికి నేను తరువాత ఒకనాడు నోటు పుస్తకము తీసుకొని వెళ్లాను. చదువు రాదు కనుక అంకెలన్నీ చదివి వినిపించాను. చెల్లెలు ఇచ్చినది ఇంత, చీటీ డబ్బు ఇంత, సంఘము డబ్బు ఏమీ లేదు అని చెప్పాను. ఆమె అంతా విని, “దీనికేం భయం నాయనా? ఆ దినమే చెప్పింటే పోయేది గదా” అన్నది.

మా ఇంటి వంటగది గోడ మీద ఇప్పుడు ఒక పెన్సిలు గీత ఉన్నది. దాని ప్రక్కన 107 అని వ్రాశాము. మొన్న బాబును నిలబెట్టి కొలిస్తే వాడు ఆ గీతను దాటి చాలా పైకి వచ్చాడు. “నాయనా, ఇప్పుడు ఆ పడవ ఎక్కనిస్తారు కదా?” అన్నాడు. “ఎక్కనిస్తారు” అన్నాను. నా భార్య కొత్త చీటీలో రెండు వాయిదాలు కట్టింది. ఎప్పుడు పోతామో ఇంకా అనుకోలేదు.